నొప్పికో అంకె

"అంకె చెప్పండి" అంది నర్సు ఆఫ్కె.

వీబ్రెన్ కళ్లు మూసుకున్నాడు. తొందరపడి చెప్పే మనిషి కాదాయన. లోపల దేన్నో దేనితోనో పోల్చి చూసుకుంటున్నట్టు కాసేపు ఆగి, "ఏడు" అన్నాడు. అని నవ్వాడు కూడా.

ఆఫ్కె ఆ అంకె రాసుకుంది. పొద్దున ఆరు, ఇప్పుడు ఏడు. పేగు కోసి కుట్టిన మనిషికి నొప్పి రోజురోజుకీ తగ్గాలి గానీ, ఇలా మెట్లెక్కుతుందా?

ఆ ఆస్పత్రిలోనే కాదు, హాలండ్‌లో ఎక్కడైనా నర్సు పూటపూటా మంచం దగ్గరికొచ్చి నొప్పికి అంకె అడగాల్సిందే. ఏళ్ల తరబడి అడిగీ అడిగీ ఆఫ్కె ప్రశ్న అరిగిపోయింది. సున్నా అంటే నొప్పి లేనట్టు, పది అంటే ఓర్చుకోలేనట్టు అన్న వివరాలన్నీ ఎప్పుడో రాలిపోయి, చివరికి ఒక్క ముక్క మిగిలింది. ఆపరేషనైన రోజు సాయంత్రం వీబ్రెన్‌నూ అంతే అడిగింది. సున్నా నుంచి పదిలోపు ఒక అంకె చెబితే చాలు, మిగతాది తాము చూసుకుంటామంది.

మత్తు వదులుతున్న ముసలాయన మంచం కమ్మీ గట్టిగా పట్టుకుని, పళ్ల మధ్య నుంచి "ఒకటి" అన్నాడు. ముఖమంతా చెమట. మత్తు దిగేటప్పుడు అది మామూలేలే అనుకుంది ఆఫ్కె. ఆయన సొంత ప్రాంతం ఫ్రీస్‌లాండ్ వాళ్లు గట్టి పిండాలని మెచ్చుకుని, రెండు మామూలు మాత్రలు మింగించి వెళ్లిపోయింది. ఆ మంచానికి పెద్ద మందులేవీ అక్కర్లేదని తర్వాతి డ్యూటీ వాళ్లకు కూడా చెప్పింది.

మర్నాడు రెండు. ఆ తర్వాత నాలుగు. మందు పెంచారు. అంకె ఇంకా పెరిగింది. విచిత్రమేమిటంటే అంకెతో పాటు ఆయన హుషారూ పెరుగుతోంది. సూపు గిన్నె నాకేస్తున్నాడు, వరండాలో పచార్లు చేస్తున్నాడు, పక్క మంచం ఆయన్ని చదరంగంలో ఏడిపిస్తున్నాడు. బాధ దిగమింగుకుని నవ్వే రోగులను ఆఫ్కె చాలామందినే చూసింది. ఆమెకు భయమంతా అలాంటివాళ్లతోనే.

సర్జన్ వాన్ ఓమెరన్ కూడా తల పట్టుకున్నాడు. జ్వరం లేదు, రక్తం శుభ్రంగా ఉంది, స్కానింగ్‌లో ఏమీ లేదు. కానీ అంకె ఉంది. అది చెప్పింది ఎవరో దారినపోయే మనిషైతే ఆయన కొట్టిపారేసేవాడే. వీబ్రెన్ అలా కాదు. బడిపంతులుగా పనిచేసినన్నాళ్లూ, మానేశాక కూడా ఆయనకు ఒకటే పిచ్చి. ఆకాశంలో వెలుగు మారే చుక్కలను పట్టుకుని, పక్క చుక్కలతో పోల్చి, ఒక్కోటి ఎంత వెలుగుతోందో కంటితోనే అంచనా కట్టి అంకె వేస్తాడు. ఆ అంకెలను పెద్ద పెద్ద ఖగోళ శాస్త్రవేత్తలు కళ్లకద్దుకుంటారు. ఈ నెలంతా తన చుక్క ఎనిమిదిలో పడి ఉంటుంది కాబట్టి ఆస్పత్రిలో ఉన్నా నష్టం లేదని ఆయన ఆఫ్కెతో అన్నాడు కూడా. ఆమె అర్థమైనట్టు తలూపింది.

"అలాంటి మనిషి నోట్లోంచి అంకె ఊరికే రాదు" అన్నాడు సర్జన్. "ఆరుకీ ఏడుకీ తేడా ఆయనకి తెలిసినట్టు మనకి తెలీదు. ఎక్కడో కుట్టు ఊడింది. మధ్యాహ్నం మళ్లీ పొట్ట తెరుద్దాం."

ముసలాయన బలహీనమైన గుండెకు ఇంకోసారి మత్తిస్తే లేస్తాడన్న నమ్మకం లేదని మత్తు డాక్టరు మొదట్లోనే చెప్పి ఉన్నాడు.

ఆ సమయానికే వీబ్రెన్ భార్య ట్రీన్, చక్కెర రొట్టె పట్టుకుని వచ్చింది. ఆఫ్కె ఆమెను వరండాలోనే ఆపి, ఆయనకేమీ పెట్టకూడదని, మళ్లీ ఆపరేషనని మెల్లగా చెప్పింది. ట్రీన్ ముఖం పాలిపోయింది. నిన్న కూడా తనతో హాయిగా ఉందనే చెప్పాడే అంది.

"మీ దగ్గర దాచి ఉంటారు. మాకు మాత్రం అంకె చెప్పారు. మొదటి రోజు ఒకటి, ఇవాళ ఏడు."

ట్రీన్ ఆమెను ఎగాదిగా చూసింది. "ఆయన నోటితోనే అన్నాడా అమ్మా?" అని, జవాబు కోసం ఆగకుండా లోపలికి నడిచింది.

లోపల సర్జన్ అప్పటికే పొట్ట నొక్కి చూస్తున్నాడు. ముసలాయన కిక్కురుమనలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు. చక్కిలిగింతలు పెట్టొద్దన్నాడు వీబ్రెన్.

"మరి ఏడన్నారుగా?" అన్నాడు సర్జన్.

"అన్నాను. రేపటికి ఎనిమిదైతే ఇంటికి పంపించేస్తారనుకున్నా. పొట్ట మళ్లీ ఎందుకండీ తెరవడం?"

ట్రీన్ కుర్చీలో కూలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. నవ్వుతూనే రొట్టె తుంచి మొగుడి చేతిలో పెట్టింది. సర్జన్ వద్దనలేదు. మెత్తటి పొట్టను మరోసారి తడిమి చూసి, ఆపరేషన్ లేదని ఫోన్‌లో తనే చెప్పాడు.

ఆఫ్కె పద్ధతి కాదని తెలిసీ మంచం చివర కూర్చుంది. పోయిందనుకున్న ప్రాణం ఎదురుగా రొట్టె నములుతుంటే ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ట్రీన్ ఇచ్చిన ముక్క తనూ నోట్లో వేసుకుంది. మనసు కుదుటపడ్డాక కోపం వచ్చింది.

"హాయిగా ఉన్నవారు రోజుకో అంకె ఎందుకు పెంచారండీ? ఒకటి దగ్గర మొదలుపెట్టి ఏడు దాకా ఎక్కితే మేమేమనుకోవాలి?"

వీబ్రెన్ అర్థం కానట్టు భార్య వైపు చూశాడు. ట్రీన్ నవ్వు ఆగిపోయింది. ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుని, ఆఫ్కె వైపు తిరిగింది.

"చుక్కల లెక్కలో ఏడు కంటికే ఆనదమ్మా, కళ్లు చెదిరేది ఒకటి."