గంటా పది నిమిషాలు

“ఆ చీటీలు పీకేయండి మేవిస్ గారూ,” అన్నాడు నైజెల్, మంగళవారం పొద్దున్నే, తడిసిన కోటైనా విప్పకుండా.

“పీకను,” అంది మేవిస్.

ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో, జనం ఇచ్చిన పాత వస్తువులు అమ్మి ఆ డబ్బు దానధర్మాలకి పంపే చారిటీ షాపు అది. దానికి నైజెల్ మేనేజరు. మేవిస్‌కి డెబ్బై నాలుగేళ్ళు. మంగళవారం, శుక్రవారం వచ్చి జీతం లేకుండా పనిచేస్తుంది. జనం వద్దనుకుని తెచ్చిచ్చిన సినిమా డీవీడీలు తుడిచి, అరలో సర్దడం ఆమె పని. ఆ రెండు రోజుల కోసమే మిగతా ఐదు రోజులూ ఎలాగో గడుపుతుంది.

గొడవంతా ‘బ్రిడ్జి కింద టీ కొట్టు’ అనే పాత సినిమా గురించి. అందులో పెద్ద తారలు లేరు. కాసేపు నవ్విస్తుంది, కాసేపు కళ్ళు తుడుచుకునేలా చేస్తుంది. ఒకప్పుడు ఏదో ఆదివారం పేపరు దాని డీవీడీని ఉచితంగా పంచిపెట్టింది. అందుకని ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అది ఉంది. ప్రతి ఇల్లూ దాన్ని తెచ్చి ఈ షాపులోనే పడేస్తుంది. అరలో ఎప్పుడు చూసినా ఏడెనిమిది ఉంటాయి.

వాటన్నిటి మీదా మేవిస్ పసుపు చీటీలు అంటించింది. ‘గంటా పది నిమిషాలు చూడండి. ఆపేయండి. తర్వాతదంతా అబద్ధం.’

“పై ఆఫీసుకి ఎవరో ఫిర్యాదు రాశారండీ. ‘మా ఆవిడకి ప్రాణమైన సినిమాని షాపులో మనిషే తిడితే ఎలా’ అని,” అన్నాడు నైజెల్.

“తిట్టానా? గంటా పది నిమిషాలు చూడమన్నాను. ఇంకేం మెచ్చుకోవాలి?”

“చివర్లో పెళ్ళే కదండీ అందరికీ నచ్చేది!”

“ఆ కథలో పెళ్ళి లేదు.”

“భలేవారే! నేను కళ్ళారా చూశాను.”

“అదే నా ఏడుపు,” అంది మేవిస్.

పెళ్ళి ఉన్న మాట నిజమే. రైలు బ్రిడ్జి కింద ముప్పై ఏళ్ళుగా టీ కొట్టు నడిపే బెస్సీ అనే ఆవిడ కథ అది. కొట్టు ఎత్తేయించడానికి మునిసిపాలిటీ ఒక ఆఫీసర్ని పంపుతుంది. గంటా పది నిమిషాల పాటు బెస్సీ అతనికి చుక్కలు చూపిస్తుంది. తర్వాత ఏమవుతుందో ఏమో, ఉన్నట్టుండి అతన్ని ప్రేమిస్తుంది. కొట్టు తాళంచెవి అతని చేతిలో పెట్టేసి, అతనితో స్కార్‌బరో సముద్రం ఒడ్డున కాపురం పెడుతుంది.

అప్పుడే తలుపు తోసుకుని ఆర్నల్డ్ వచ్చాడు. రిటైరైన బస్సు డ్రైవరు. పోయిన శుక్రవారమే ఆ సినిమా కొనుక్కెళ్ళాడు.

“ఏమ్మా మేవిస్, నువ్వు చెప్పినట్టే ఆపేశాను. మా ఆవిడ రిమోట్ లాక్కోబోయింది. ఇస్తేనా! మూడ్రోజుల నుంచి ఇంట్లో అదే యుద్ధం. ఇంతకీ బెస్సీ ఏం చేస్తుందో చెప్పు, నీకు పుణ్యం ఉంటుంది.”

మేవిస్ తుడిచే గుడ్డ పక్కన పెట్టింది.

“ఆ ఆఫీసరుకి కప్పు టీ పోసిస్తుంది. అతను తెచ్చిన నోటీసు నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కిందకి తోస్తుంది. బల్ల కుదిరిందో లేదో ఊపి చూస్తుంది. ఇంకెవరికి టీ కావాలీ అని కేకేస్తుంది. అంతే.”

“అద్దీ!” అని ఆర్నల్డ్ కౌంటరు మీద చరిచాడు. “బెస్సీ అంటే అదీ! మరి ఇది సినిమాలో లేదా?”

“లేదు.”

“నీకెవరు చెప్పారు?”

“ఒకళ్ళు చెప్పాలా? బెస్సీ అలాంటి మనిషి.”

నైజెల్‌కి ఒళ్ళు మండింది. “నోటితో ఎన్నైనా చెప్పొచ్చండీ. కూర్చుని రాయమంటే మీరు రాయగలరా?”

“రాయగలను.”

నైజెల్ పకపకా నవ్వాడు. ఆర్నల్డ్ కూడా మొహం పక్కకి తిప్పుకుని మీసాల్లో నవ్వుకున్నాడు. మేవిస్ నవ్వలేదు.

నైజెల్ కాస్త మెత్తబడ్డాడు. “పోనీ, రాసినవాళ్ళ సంగతి ఆలోచించండి. ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారు. ఈ చీటీ వాళ్ళ కంటబడితే ఎంత కష్టపెట్టుకుంటారు?”

“వాళ్ళకి కష్టం కొత్తేం కాదులే నాయనా.”

ఇంక లాభం లేదని నైజెల్ జేబులోంచి పై ఆఫీసు ఉత్తరం తీశాడు.

“పేరూ ఊరూ లేని చీటీ షాపులో ఉండకూడదట. కింద పేరు రాసి సంతకం పెట్టండి, చూసినవాళ్ళ అభిప్రాయం అని ఉంచేస్తాను. లేదా పీకేయండి. రెండూ కాదంటే మాత్రం, శుక్రవారం నుంచి మీరు రానక్కర్లేదు.”

చాటున నిలబడి రాళ్ళు వేసేవాళ్ళు పేరు చెప్పమంటే జారుకుంటారని నైజెల్ ధీమా. ఇక్కడికి రాకపోతే మేవిస్‌కి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. అయినా తల దించలేదు.

“పెన్ను ఇటివ్వు,” అంది.

“హోల్‌రాయిడ్ అని స్పష్టంగా రాయండి. నలుగురికీ తెలియాలి.”

“అది మా ఆయన ఇంటిపేరు. పాపం పోయినాయన్ని ఇందులోకి లాగడం ఎందుకు?”

అరలో ఉన్న ఏడు డబ్బాలూ తెచ్చి కౌంటరు మీద వరసగా పెట్టింది. తన పుట్టింటి పేరు, ఎం. సగ్డెన్ అని, ఏడు చీటీల కిందా గుండ్రంగా రాసింది.

ఆ ఏడు డబ్బాల వెనకా, ‘కథ, మాటలు’ అన్న చోట, చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చయి ఉన్నదీ ఆ పేరే.