క్లిప్పుల సంచి

ఒక పెరట్లో కుందేలూ ఉడుతా ఒకే దండెం మీద బట్టలు ఆరేసుకునేవి. ఒకరోజు కుందేలు పాత లంగా గుడ్డతో క్లిప్పులకో సంచి కుట్టి దండేనికి తగిలించింది. చూసినవాళ్లంతా మెచ్చుకుంటుంటే ఉడుతకు ఒళ్లు మండిపోయింది.

"అతుకుల గుడ్డకి ఇంత గొప్పా?" అని గొణుక్కుని, ఎవరూ చూడకుండా క్లిప్పులతో సహా సంచిని ఎత్తుకెళ్లి తొర్రలో దాచేసింది.

ఆ మధ్యాహ్నం గాలి రేగింది. క్లిప్పులు లేక బట్టలన్నీ బురదలో పడ్డాయి. ఉడుత పిల్లల దుప్పటి కూడా పడింది.

సాయంత్రం కుందేలు తడి చేతులతో వచ్చింది. "వదినా, మీ దుప్పటి కూడా మళ్లీ ఉతికేశాను. నా సంచి ఎక్కడో పోయింది. కొత్తది కుడుతూ నీకూ ఒకటి కుట్టాను" అంది.

ఉడుతకిచ్చిన సంచే ఎక్కువ అందంగా ఉంది. దాన్ని ఉడుత ఏనాడూ దండేనికి తగిలించలేకపోయింది.