నొప్పి తొమ్మిది

"లేపకండి మేడమ్. హాయిగా నిద్రపోతున్నారు," అంది నర్సు.

కోడలు అత్తగారి భుజం మీద వేసిన చెయ్యి తియ్యలేదు. మొన్ననే మోకాలి ఆపరేషన్ అయింది. నిన్న సాయంత్రం దాకా ఆవిడ నోటికి తాళం పడలేదు. పక్క మంచం ఆవిడతో మూడు తరాల చుట్టరికం కలిపింది, కుర్ర డాక్టరుకి పెళ్లి సంబంధం కూడా చూసిపెట్టింది. నిద్రలో సైతం ఎవరితోనో పోట్లాడే మనిషి. ఇంట్లో అందరూ చాటుగా రేడియో అంటారు. ఆ రేడియో ఇవాళ కిక్కురుమనడం లేదు.

"అత్తయ్యా, నేనే వచ్చాను. కళ్లు తెరవండి."

రెప్ప కదల్లేదు. పెదవులు నీలంగా ఉన్నట్టు అనిపించింది.

"పొద్దున్నుంచీ ఇలాగే ఉన్నారా?"

"రాత్రి నుంచీ. నొప్పి తగ్గితే నిద్ర పట్టదా మరి? నిన్న రాత్రి ఈ కొత్త పంపులు పెట్టాక వార్డంతా ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి. ఇదివరకు మూలుగులతో మా చెవులు చిల్లులు పడేవి."

మంచం తలాపున చిన్న యంత్రం టిక్కుటిక్కుమంటూ గొట్టంలోకి మందు తోస్తోంది. దాని తెర మీద నొప్పి అన్న మాట, ఎదురుగా ఒక అంకె. కోడలు వంగి చూసింది.

"తొమ్మిదేంటి సిస్టర్? ఒకటి నుంచి అయిదు లోపల చెప్పమన్నారు కదా నిన్న?"

నిన్న ఆ ముచ్చట బాగానే నడిచింది. "పొద్దున రెండు చెప్పాను, ఇప్పుడు నాలుగు. అంటే నొప్పి రెట్టింపైనట్టే" అని అత్తగారు తేల్చేసింది. కోడలు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది, ఊరుకుంటుందా? "అంకెలన్నీ ఒక జాతివి కావు అత్తయ్యా. మీ మంచం నంబరు ఏడు, అది ఉత్తి పేరు. నొప్పి నాలుగు, అది వరస. రెండు కన్నా ఎక్కువని తెలుస్తుంది గానీ ఎంత ఎక్కువో తెలీదు. మీ బరువుంది చూశారూ, అదీ అసలు కొలత" అంది. "నా బరువు జోలికి రాకు" అంది అత్తగారు. వార్డంతా ఒకటే నవ్వు.

"అయిదు దాకానే మేడమ్," అంది నర్సు ఇప్పుడు. "తొమ్మిదంటే నొప్పి కాదు. అడిగినా జవాబు చెప్పనివాళ్లకి తొమ్మిది కొడతాం. ఎప్పట్నుంచో మా పద్ధతి అదే."

"కొడితే ఎక్కడికి పోతుంది?"

"ఇదివరకు చార్టులో రాసేవాళ్లం, డాక్టరుగారు చూసుకునేవారు. ఇప్పుడు ఈ ట్యాబ్‌లో కొడితే నేరుగా పంపుకే వెళ్తుంది. నొప్పిని బట్టి మందు అదే పెంచుకుంటుంది, అదే తగ్గించుకుంటుంది. మాకు తిరిగే చాకిరీ తప్పింది."

కోడలు నర్సు వైపు తిరిగింది.

"తొమ్మిదంటే జవాబు లేదని పంపుకి ఎవరైనా చెప్పారా?"

ట్యాబ్ మీద నర్సు వేలు ఆగిపోయింది.

"దానికి పది దాకా నొప్పే అయ్యుంటుంది సిస్టర్. మీరు పేరు రాస్తున్నారు, అది కొలత అనుకుంటోంది. ఈవిడ మగతలో పలకలేదు. మీరు తొమ్మిది కొట్టారు. అది మందు పెంచింది. మగత ముదిరింది. మీరు మళ్లీ..."

"మళ్లీ తొమ్మిది," అంది నర్సు.

ఆ తర్వాత ఆమె చేతులు చకచకా కదిలాయి. గొట్టం బిగించి మందు ఆపింది, గంట నొక్కింది. కుర్ర డాక్టరు పరుగున వచ్చి విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చాడు. కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుని కుదుపుతూ, ఇన్నాళ్లూ ఆవిడ వాగుడికి విసుక్కున్నందుకు లోలోపల చెంపలేసుకుంది.

కాసేపటికి అత్తగారు గుండెల నిండా గాలి పీల్చింది. రెప్పలు కదిలాయి.

"ఎందుకే అలా కుదుపుతావు? మోకాలు నాదే, అరువు తెచ్చుకున్నది కాదు."

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నొప్పి ఎంతుంది అత్తయ్యా?"

"అయిదు. నేనేమన్నా ఎక్కువ చేసి చెబుతున్నాననుకుంటే, నిన్నంతా నా మూలుగు విన్నది ఆ పక్కావిడ. ఆవిణ్ణే అడుగు."

కోడలు నవ్వుతూ పక్కకి తిరిగింది. ఇంత గోలకీ పక్కావిడ లేవలేదు. అవతలి మంచం మీదావిడా లేవలేదు, ఆ అవతలావిడా లేవలేదు. గోడ దాకా బారుగా ఉన్న మంచాల తలాపున, ప్రతి తెర మీదా అదే తొమ్మిది వెలుగుతోంది.