ఆరు కొమ్ముల డబ్బా

ఇటు రండి, ఇటు. ఆ కుర్చీ కాస్త ముందుకి లాక్కోండి. వెనకాల గుసగుసలు ఆపండమ్మా, నా గొంతు అసలే పాత రేడియో, మధ్యలో ఎవరైనా మాట్లాడితే స్టేషన్ మారిపోతుంది. చెప్పేదాంట్లో అబద్ధం ఉంటే మీసం తీసేసుకుంటా. నాకు మీసం లేదనుకోండి, అది వేరే సంగతి.

"మళ్ళీ మధ్యలో నెట్ పోయిందంటే ఈ ఉద్యోగం గోవిందా," అంది లెక్కల టీచరమ్మ, షాపులో బల్ల మీద అరచెయ్యి గట్టిగా ఆనించి. "ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పాఠాలు చెప్పే ఉద్యోగం. మొన్న పరీక్షగా ఓ పాఠం చెప్పమంటే, సగంలో నెట్ ఆగి, నోరు తెరిచిన బొమ్మలా ఉండిపోయానంట. జాలిపడి ఇవాళ ఇంకో అవకాశం ఇచ్చారు. గంటలో మొదలు. ఏ డబ్బా ఇస్తావో ఆలోచించి ఇవ్వు బాబూ."

పక్కనే ఆమె తమ్ముడు. లిఫ్టులు బాగుచేస్తాడు. లిఫ్టు బాగుచేసినవాడికి లోకంలో తెలియని మిషను ఉండదని వాడి నమ్మకం.

షాపాయన రెండు డబ్బాలు తెచ్చి పెట్టాడు. "ఇదేమో మామూలు మోడెం అండీ. దీనికో సిమ్ వేసిన డాంగిల్ గుచ్చితే, తీగ తెగినప్పుడు సిమ్ మీద నడుస్తుంది."

"తెగాక ఎంతసేపటికి?"

"కాస్త టైం పడుతుంది."

"కాస్త అంటే?"

షాపాయన చెవి గోక్కున్నాడు. "ఓ టీ తాగి రావచ్చు."

"ఈలోపు నా ఉద్యోగంలో ఇంకొకరు చేరి, రిటైరు కూడా అయిపోతారు. రెండోది చూపించు."

రెండోదానికి ఆరు కొమ్ములు. నల్లగా, నిగనిగలాడుతూ, వెల్లకిలా పడ్డ బొద్దింకలా ఉంది.

"సిమ్ దీని కడుపులోనే పెట్టాలండీ. తీగ తెగిందా, రెప్ప వేసేలోపు దానంతటదే సిమ్ మీదకి దూకేస్తుంది."

"మాటలొద్దు. పీకి చూపించు."

షాపాయన తన సిమ్ అందులో వేసి, షాపు టీవీకి నెట్ కలిపి, తీగ పీకాడు. టీవీలో పరిగెడుతున్న గుర్రం, ఒక కాలు గాల్లో ఉండగా ఆగింది. టీచరమ్మ ఊపిరీ ఆగింది. మరుక్షణం ఆ కాలు నేల మీద పడింది, గుర్రం వెళ్ళిపోయింది. ఆ దుమ్ముకి షాపాయన తుమ్మాడు కూడా.

"ఇదే," అంది టీచరమ్మ.

"మరి సిమ్ ఉందా అండీ? ఇప్పుడు కొత్తది తీసుకుంటే సాయంత్రానికి గాని పనిచెయ్యదు."

ఆమె షాపు గడియారం వైపు చూసింది. తమ్ముడు మాత్రం నవ్వాడు.

"కొత్తది దేనికక్కా? నాది పెడదామంటే డేటా మొత్తం నాకేశాను. నీదాంట్లో రోజూ మిగిలిపోతూనే ఉంటుందిగా. అది పెట్టేద్దాం."

"మరి నా ఫోను?"

"ఇంట్లో వైఫై ఉంటే ఫోనుకి సిమ్ ఎందుకే? మెసేజులూ మెయిళ్ళూ అన్నీ అందులోనే వస్తాయి. నువ్వు లెక్కలు చూసుకో, మిషన్ల సంగతి నాకొదిలెయ్."

పరుగు పరుగున ఇంటికొచ్చారు. తమ్ముడు సూదితో పొడిచి అక్క ఫోన్లోంచి సిమ్ తీసి, అదే సూదితో డబ్బా కన్నంలో పొడిచి, దాని కడుపులో పెట్టాడు. దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. నెట్ ఎంత జోరుగా వచ్చిందంటే, గోడ మీద క్యాలెండరు వచ్చే నెలకి తిరిగిపోయింది. ఎదురింటి బాబాయి కూడా వచ్చేశాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. వీధిలో ఎవరింట కొత్త డబ్బా విప్పినా ఆ అట్ట వాసనకి వచ్చేస్తాడు.

టీచరమ్మ కంప్యూటరు ముందు కూర్చుంది. "మిమ్మల్ని లోపలికి తీసుకునేదాకా ఆగండి" అని తెర మీద రాసుంది.

అంతలో బయట రోడ్డు తవ్వేవాళ్ళ గునపం ధన్‌మని దిగింది. డబ్బా మీద ఒక దీపం ఎర్రబడింది.

"తెంపేశార్రా," అంది టీచరమ్మ, తమ్ముడి మణికట్టు పట్టుకుని. ఆమె గోళ్ళు వాడి చర్మంలో దిగాయి.

ఎర్ర దీపం పక్కన, సిమ్ దీపం పచ్చగా వెలిగింది. తెర చెక్కు చెదరలేదు.

"చూశావా," అని తమ్ముడు చెయ్యి విదిలించుకుని, కాలర్ సర్దుకున్నాడు.

ఇంకా పిలవలేదు. టీచరమ్మ శుభ్రంగా ఉన్న బోర్డునే మళ్ళీ తుడిచింది.

"నెట్ ఉందా?"

"బంగారంలా ఉంది."

"మరి పిలవరేంరా?"

"పెద్ద ఉద్యోగం కదమ్మా, నిదానంగా పిలుస్తారు," అన్నాడు బాబాయి.

టింగుమని మెయిలొచ్చింది. తమ్ముడు వంగి, పైకి చదివాడు. "లోపలికి తీసుకునేముందు మీతో ఫోన్లో మాట్లాడాలి. ఇందాకట్నుంచీ చేస్తూనే ఉన్నాం, మీ నంబరు కలవడం లేదు. ఇప్పుడు ఆఖరిసారి చేస్తున్నాం. ఎత్తకపోతే మీ తర్వాతివాళ్ళని పిలుస్తాం."

ముగ్గురూ బల్ల మీదున్న ఫోను వైపు చూశారు. అది పలకలేదు. టీచరమ్మ చేతిలోకి తీసుకుంది. పైన మూలన చిన్న అక్షరాలతో ఉంది, సిమ్ లేదని.

మూడు తలలూ నెమ్మదిగా డబ్బా వైపు తిరిగాయి. సిమ్ దీపం పచ్చగా, హాయిగా కన్ను కొడుతోంది.

తమ్ముడు సూది పట్టుకుని దాని మీద పడ్డాడు. ఎటు పొడిచినా కన్నం దొరకడం లేదు.

అప్పుడు బాబాయి తమ్ముణ్ణి పక్కకి నెట్టి, డబ్బా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కొమ్ముని చెవి దగ్గరికి వంచుకున్నాడు.

"హలో, పెట్టెయ్యకండి, అమ్మాయి పక్కనే ఉంది, ఇస్తున్నా."