తప్పు తుపాకీది

"తప్పు నాది కాదు రఫస్, దీనిది" అంటూ డెల్బర్ట్ తన పిస్తోలును కొట్టు బల్ల మీద పెట్టాడు.

టెన్నెసీలోని ఆ చిన్న ఊరికంతటికీ తుపాకుల కొట్టు రఫస్‌ది ఒక్కటే. శనివారం శనివారం ఊరి క్లబ్బులో పది ఇనప పళ్లాలు నిలబెట్టి పోటీ పెడతారు. కిందటి వారం డెల్బర్ట్ మూడింటిని పడగొట్టాడు. అందులో ఒకటి గాలికి పడిందని చూసినవాళ్లు అంటున్నారు.

అతని అత్తగారు ఓపల్‌కు డెబ్బై నాలుగేళ్లు. గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని మేజోళ్లు అల్లుకుంటోంది. అల్లిక మీంచి తల ఎత్తకుండానే, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది" అంది.

రఫస్ కిసుక్కున నవ్వాడు. అత్త అన్నందుకు కాదు గానీ, ఆ నవ్వుకు డెల్బర్ట్‌కు ఒళ్లు మండింది. అంత వచ్చిన మనిషైతే మీరే కాల్చి చూపించండి అన్నాడు. ఓపల్ సూదులు పక్కన పెట్టింది.

"కాలుస్తాను. నేను గెలిస్తే ఆ నీలం వాలుకుర్చీ నాది."

టీవీ ముందున్న ఆ వాలుకుర్చీ డెల్బర్ట్ ప్రాణం. పాస్టరుగారు ఇంటికొచ్చినా సోఫాలోనే కూర్చోవాలి తప్ప దాని మీద చెయ్యి కూడా వెయ్యనివ్వడు.

"ఓడితే?" అన్నాడు.

"ఫుట్‌బాల్ ఆట వస్తున్నంతసేపూ నోరు మెదపను. చచ్చేదాకా."

ఈ మాట ఎవరికైనా ఆశ పుట్టిస్తుంది. డెల్బర్ట్ సరేనన్నాడు. వాళ్లిద్దరి పోటీకి మూడు వారాల గడువు. ఇంతకీ మీ దగ్గర తుపాకీ ఏదీ అని అడిగితే, ఏదో ఒకటి చూసుకుంటాలే అంది ఓపల్.

ఆ రోజే డెల్బర్ట్ ట్రిగ్గరు మార్పించాడు. పాతది బండగా ఉందట, కొత్తది ఈక తగిలినా కదులుతుందట. తీసేసిన పాత ట్రిగ్గరును చెత్తబుట్టలో వెయ్యబోతుంటే ఓపల్ చెయ్యి చాపింది.

"పారెయ్యకు, ఇటివ్వు."

"ఎందుకు అత్తయ్యా, చెత్త."

"చెత్తయితేనేం, చోటడుగుతుందా?"

వంటకు వాడిన రేకు కాగితాన్ని కడిగి, ఆరేసి, మళ్లీ వాడే మనిషి ఆవిడ. డెల్బర్ట్ నవ్వి ఇచ్చేశాడు. ఆవిడ దాన్ని చేతిసంచిలోని కాఫీ డబ్బాలో వేసుకుంది.

ఆ తర్వాత వ్యవహారం గోచీ కోసం ఆవును తెచ్చుకున్న సన్యాసి కథలాగే నడిచింది. కొత్త ట్రిగ్గరుకు తగ్గట్టు కొత్త స్ప్రింగులు. గురి కుదరలేదని బంగారు రంగు గొట్టం. నల్లటి పైతొడుగులో బంగారు గొట్టం కనబడటం లేదని కిటికీలు కోసిన పైతొడుగు. దాని మీద గురి చూసుకోవడానికి ఎర్రచుక్క వెలిగే అద్దం. ఒక్కో ముక్కా బిగించేటప్పుడు రఫస్, ఇది లేకపోయినా ఫరవాలేదేమో అని గొణుగుతూనే ఉన్నాడు. గొణుగుతూనే అమ్మాడు. ఊడదీసిన ప్రతి ముక్కా కాఫీ డబ్బాలోకి పోయింది.

చివరికి పాతది పిడి ఒక్కటే మిగిలింది. అదీ మార్చమన్నాడు డెల్బర్ట్. రఫస్ తల అడ్డంగా తిప్పాడు. నంబరు ఉండేది పిడి మీదే, అది మారిస్తే కొత్త తుపాకీ కొన్నట్టే లెక్క, మళ్లీ ఫారం నింపాలి అన్నాడు.

"అయితే చట్టం దృష్టిలో ఆ వట్టి పిడే తుపాకీ అన్నమాట" అంది ఓపల్.

"అంతే పిన్నిగారూ. మిగతావన్నీ సామాన్ల కిందే లెక్క."

"అట్లాగా" అని ఆవిడ అల్లికలో పడిపోయింది.

పోటీ రోజు ఊరంతా క్లబ్బుకు వచ్చింది. డెల్బర్ట్ ముందు నిలబడ్డాడు. అతని పిస్తోలు ఎండలో పెళ్లికూతురిలా మెరుస్తోంది. గురి కుదిరేలోపే ఈక ట్రిగ్గరు కదిలి మొదటి గుండు మట్టి దిబ్బలోకి పోయింది. రెండోది పళ్లానికి తగిలింది. మూడోది కొత్త గొట్టంలో ఇరుక్కుంది. దాన్ని తీసేసరికి అద్దంలో ఎర్రచుక్క ఆరిపోయింది. మొత్తం మీద రెండు పళ్లాలు పడ్డాయి. ఈసారి గాలి కూడా సాయం చెయ్యలేదు.

ఓపల్ కళ్లజోడు తుడుచుకుని, నల్లటి మామూలు పిస్తోలు ఒకటి తీసింది. పది గుళ్లకు పది పళ్లాలు. పిస్తోలు ఖాళీ చేసి, ఖాళీ అని అందరికీ చూపించి, కుర్చీని సాయంత్రానికల్లా కిటికీ పక్కకు జరిపించమని అల్లుడికి చెప్పింది.

డెల్బర్ట్ ఆ నల్ల పిస్తోలు వంకే చూస్తున్నాడు. ఒక్కసారి ఇస్తారా అని అడిగాడు. గుళ్లు నింపుకుని, మళ్లీ నిలబెట్టిన పళ్లాలకు ఎదురుగా నిలబడ్డాడు. అయిదు గుళ్లు, అయిదు పళ్లాలు. జనం చప్పట్లు కొట్టారు. డెల్బర్ట్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూశారా అత్తయ్యా, నేను మొదట్నించీ మొత్తుకుంటున్నది ఇదే. తప్పు తుపాకీదే. ఇదీ ట్రిగ్గరంటే, ఎంత నిబ్బరంగా ఉందో. ఆ గురి చూడండి, ఆ గొట్టం చూడండి. ఇలాంటిది ముందే నా చేతిలో ఉంటే ఆ కుర్చీ పోయేదా? చెప్పండి, ఎక్కడ కొన్నారు?"

రఫస్ ఎందుకో ఆకాశం వంక చూడటం మొదలుపెట్టాడు. ఓపల్ సంచిలోంచి కాఫీ డబ్బా తీసి బోర్లించి చూపించింది. ఖాళీగా ఉంది.

"కొన్నది పిడి ఒక్కటే నాయనా. మిగతావన్నీ నువ్వు చెత్త అన్నవే."