ఆపని యాప్

"సార్, మా టీచరమ్మని వదిలేయమని పోలీసులకు చెప్పండి. మూసేసిన వెబ్‌సైట్లు తెరిచే ఆ యాప్ ఊళ్లో అందరి ఫోన్లలోనూ ఉంది," అన్నాను.

సర్కారు వద్దన్న వెబ్‌సైట్లు మూయించే మా ఆఫీసు పెద్దాయన, టీలో బిస్కెట్ ముంచుతూ నవ్వాడు.

"అందరూ ఆసుపత్రిలో మందుల్లేవని రాయలేదు కదమ్మా!"

"అలా రాయడం నేరమా సార్?"

"కాదు. యాప్ వాడటం నేరం."

"అయితే ఆ యాప్‌నే ఆపేద్దాం. గంట పని."

"పిచ్చిపిల్లా! వల నిండా చేపలుండగా ఎవడైనా వల తెంపుకుంటాడా? వాడుకోనీ. నోరెత్తినవాడి ఫోన్ తీసి చూస్తే చాలు, కేసు తయారు." మెత్తబడిన బిస్కెట్ నోట్లో వేసుకున్నాడు. "నీ ఫోన్లోనూ ఉందిగా?"

చేతిలోని ఫోన్ వెనక్కి దాచుకున్నాను. చదువు లేని ఇంట్లోంచి నన్ను బడికి లాక్కెళ్లిన మనిషి లాకప్పులో ఉంది.

"వెళ్లి పని చూసుకో."

"అలాగే సార్," అన్నాను. ఆయన నవ్వుకన్నా నా గొంతే ఎక్కువ రోత పుట్టించింది.