ఇంజన్ డబ్బా మీది ఖాలా

ఎల్లస్వామికి అలా కన్నంటుకుందో లేదో, వ్యాను ముందు భాగం నుంచి ఖాలా గొంతు లేచింది.

"బషీరూ, పొద్దుగాల ఏం తిన్నవ్? బువ్వనా, రొట్టెనా? రొట్టెలకు ఏందీ?"

వ్యానులో ఉన్న ఉద్యోగులందరి కునుకూ ఒక్కసారే ఎగిరిపోయింది.

ఆ వ్యాను కుదిర్చిందే ఎల్లస్వామి. నల్లగొండ నుంచి నందికొండ దాకా రోజూ ఎర్రబస్సులో ఒంటికాలి మీద వేలాడి, ప్రాజెక్టు ఆఫీసుకు ఆలస్యంగా చేరి, చివాట్లు తినీ తినీ ఆయనకు కడుపు నిండిపోయింది. ఇంకొక్కసారి ఆలస్యమైతే కోస్గికి బదిలీ అని పై అధికారి తేల్చి చెప్పాడు.

అప్పుడు తనలాంటి బస్సు బాధితులను పోగుచేసి, డ్రైవర్ బషీర్ మెటాడోరును నెల కిరాయికి మాట్లాడాడు. షరతులూ ఆయనే పెట్టాడు. ఎవరి సీటు వాళ్లదే. డ్రైవరు తన చుట్టాలనెవరినీ, అమ్మీ అబ్బాజాన్ అయినా సరే, ఎక్కించుకోకూడదు.

ఆ రెండో షరతుకు బషీర్ కాసేపు తల గోక్కుని, సరేనన్నాడు.

మర్నాటి నుంచే ఈ ముసలమ్మ ఎక్కసాగింది. సీటేమీ అడగలేదు. డ్రైవరు పక్కన పెనంలా కాలే ఇంజన్ డబ్బా మీద గోనెసంచి మడిచి వేసుకుని కూర్చునేది. బషీర్ ఆమెను ఖాలా అన్నాడు. పెద్దవయసు ముస్లిం ఆడవాళ్లను ఎవరైనా అలాగే పిలుస్తారు గనక అందరూ ఖాలా అన్నారు.

ఎక్కడికని అడిగితే "పని మీద పోతున్న బేటా" అనేది. సాయంత్రం మళ్లీ అదే డబ్బా మీద తిరిగొచ్చేది. ఏం పనో ఎవరికీ తెలియదు. వ్యానులో పొద్దున్నే చేపల వాసన గుప్పుమనేది గనక, చేపలమ్ముకుంటుందని లింగస్వామి మాస్టారు తీర్పు చెప్పేశాడు.

వాసనైతే ముక్కు మూసుకోవచ్చు. ఆ నోటికి మూతేదీ?

బషీర్‌ను పొడుపు కథలు విప్పమనేది. విప్పకపోతే తిట్టేది. విప్పితే ఇంకోటి వేసేది. ఒక్కో పల్లికాయ ఒలిచి అతని అరచేతిలో పెట్టి, నమిలి మింగేదాకా ఊరుకునేది కాదు. ఉండుండి వీపు మీద ఒక్కటి చరిచేది కూడా. ఆ చప్పుడుకు వెనక సీటులో వాళ్లు ఉలిక్కిపడేవాళ్లు.

చివరికి గోవిందమ్మ టీచర్ తెగేసి చెప్పింది. కోడి కూయకముందు లేచి ఇంటిల్లిపాదికీ వండి వచ్చే మనిషికి, ఆ వ్యానులో కునుకే నిద్ర.

"సార్, ఖాలా అన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

లింగస్వామి మాస్టారు కూడా తన దారి బస్సే అన్నాడు. ఇద్దరు దిగితే వాళ్ల వెనక ఇంకో నలుగురు దిగుతారు. వ్యాను ఆగిపోతుంది. ఆ తర్వాత కోస్గే గతి.

మర్నాడు గడియారం చౌరస్తాలో ఎల్లస్వామి వ్యాను తలుపుకు అడ్డం నిలబడ్డాడు. జర ఏమనుకోవద్దనీ, రేపటి నుంచి కాదు, ఇయ్యాల్టి నుంచే బస్సులో రమ్మనీ చెప్పాడు. బషీర్ ఏదో అనబోయాడు. ఖాలా కళ్లతోనే వద్దంది.

"మంచిది సార్. మరి మీరన్న ముచ్చట పెట్టుండ్రి పిలగానితోటి."

అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. కొంగున ఉన్న పల్లికాయల మూట విప్పి ఎల్లస్వామి చేతిలో పెట్టింది.

"ఒక్కొక్కటి ఒలిసి ఇచ్చుకుంట పో బేటా. అన్నీ ఒక్కసారే ఇయ్యకు."

పోతూ పోతూ కూడా పెత్తనమే అనుకున్నాడు ఎల్లస్వామి.

వ్యాను కదిలింది. ఆహా, ఎంత ప్రశాంతం! ఊరు దాటకముందే గోవిందమ్మ టీచర్ గురక అందుకుంది. ఎల్లస్వామి పల్లికాయలు సరిగ్గా వేగాయో లేదో చూద్దామని ఒకటి నోట్లో వేసుకున్నాడు. సరిగ్గానే వేగాయి. మూట ఖాళీ అయింది.

ఖాలా లేకపోయినా చేపల వాసన అలాగే ఉందే అని ఒక ఆలోచన వచ్చింది. దాని సంగతి తేల్చేలోపే కమ్మగా నిద్ర పట్టేసింది.

ఎవరో కిటికీ తట్టారు.

"నాటు వెయ్యనికి వచ్చిన్రా సార్లూ?"

ఎల్లస్వామి కళ్లు తెరిచాడు. మోకాళ్లదాకా బురదలో, చేతిలో నారుకట్టతో ఒక కూలామె నిలబడి ఉంది. చుట్టూ వరిమడి. వ్యాను కనగల్ దాటాక రోడ్డు దిగి, మెత్తగా మడిలోకి జారి, ఇరుసుదాకా దిగబడింది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. లింగస్వామి మాస్టారైతే ఇంకా లేవనే లేదు.

ఎల్లస్వామికి కోస్గి ఊరు కళ్లకు కట్టింది.

బషీర్ స్టీరింగు మీద తల పెట్టి నిద్రపోతున్నాడు.

కూలామె లోపలికి తొంగి చూసి నాలుక చప్పరించింది.

"గీ బండేనా! రోజు పొద్దుగూకినంక మా చెర్ల చేపలు పట్నం మోసేది గిదే. రాత్రంత బండి మీదనేనాయె. ఎప్పుడు పంటడో పాపం."

గోవిందమ్మ టీచర్ ముక్కుకు అడ్డం పెట్టుకున్న కొంగు మెల్లగా తీసేసింది. ఎల్లస్వామికి కోపం రావలసింది, సిగ్గు ముంచుకొచ్చింది. ముందుకు వంగి బషీర్ భుజం తట్టాడు.

బషీర్ కళ్లు తెరవలేదు. ఖాళీగా ఉన్న ఇంజన్ డబ్బా వైపు అలవాటుగా అరచెయ్యి చాపాడు.

ఆ చేతిలో పెట్టడానికి ఎల్లస్వామి ఒళ్లో పల్లికాయల పొట్టు తప్ప ఏమీ మిగల్లేదు.

"పండుకోలే అమ్మీ, మేల్కొనే ఉన్న" అన్నాడు బషీర్.